సీనియర్ చేసిన సెల్ నా చేతిలో ఎందుకు రావడం లేదు?

పేరు రాయవద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. పెద్ద ఉత్తరం కాబట్టి కుదించి చెబుతున్నాను.

ఆమె పీహెచ్‌డీ నాలుగో ఏడాదిలో ఉన్నారు. వాళ్ల ల్యాబ్‌లో పని పెరోవ్‌స్కైట్ సోలార్ సెల్స్ మీద, అంటే సీసం లవణాలతో చేసిన ఒక స్ఫటిక పదార్థపు పల్చటి పొరతో ఎండని కరెంటుగా మార్చే సెల్స్ మీద. ఆమె చేరేనాటికి ఒక సీనియర్ 22.4 శాతం సామర్థ్యమున్న సెల్ చేసి, పేపర్ వేసి, పోస్ట్‌డాక్‌కి వెళ్లిపోయారు. గైడ్ గారు ఈమెకి అప్పగించిన పని ఇది: అదే పద్ధతిలో సెల్ చేయాలి, హోల్స్‌ని (ఎలక్ట్రాన్లు వదిలిన ఖాళీల్ని, అవి ధనావేశంలా కదులుతాయి) బయటికి చేరవేసే పొరగా ల్యాబ్‌లోనే తయారైన కొత్త ఆర్గానిక్ (కార్బన్ ఆధారిత) పదార్థం వేయాలి, ఆ 22.4ని దాటించాలి. రెండున్నరేళ్లలో నాలుగు వందలకు పైగా సెల్స్ చేశారు. సగటు 16.8. నిలకడగా వచ్చినవాటిలో మంచిది 19.1. రెండే రెండుసార్లు, వోల్టేజీని పైనుంచి కిందికి తెస్తూ కొలిస్తే 21.6 వచ్చింది. అదే సెల్‌ని కిందినుంచి పైకి కొలిస్తే 17. గరిష్ఠ పవర్ ఇచ్చే వోల్టేజీ దగ్గర ఐదు నిమిషాలు ఉంచితే 18 దగ్గర కుదురుకుంది.

"21.6 ఉంది కదా, పేపర్‌లో అది పెడదాం. రెండో స్కాన్ ఎందుకు?" అన్నారట గైడ్. సీనియర్‌ని అడిగితే "రాసినట్టే చేయి, వస్తుంది" అని జవాబు. తన తర్వాత చేరిన జూనియర్ అదే ల్యాబ్‌లో పెరోవ్‌స్కైట్ ఎల్‌ఈడీలు చేస్తూ అప్పుడే రెండు పేపర్లు వేసేశాడు. "నువ్వూ ఎల్‌ఈడీకి మారిపోరాదా" అని గైడ్ ఒకటి రెండుసార్లు అన్నారు. వేరే ల్యాబ్‌లో ఉన్న స్నేహితురాలు ఆర్గానిక్ సోలార్ సెల్స్‌కి రమ్మంటోంది. భర్త మానేసి ఉద్యోగం చూసుకోమంటున్నారు. "నా చేతుల్లోనే లోపం ఉందేమో. ల్యాబ్‌లో అందరూ అదే అనుకుంటున్నారు. ఇది నాకు తగిన పనేనా?" అని అడిగారు.

ఉత్తరం చివర, సంతకం పెట్టాల్సిన చోట, ఇంకో రెండు వాక్యాలున్నాయి. "వచ్చే ఏడాది పిల్లల గురించి అనుకుంటున్నాం. రోజూ సీసం లవణాలతో, సాల్వెంట్లతో పని. ఇది ఇక్కడ అడగాలో లేదో తెలియదు, వదిలేయండి."

అమ్మా, వదిలేయమన్న ఆ మాట దగ్గరే మొదలుపెడతాను. సెల్ సామర్థ్యం ఆరు నెలలు ఆగినా ఏమీ కాదు. ఇది ఆగకూడదు.

మీరు లెడ్ అయోడైడ్‌ని కరిగించడానికి వాడే డీఎంఎఫ్ అనే సాల్వెంట్ గర్భస్థ శిశువుకి హాని చేసే రసాయనాల జాబితాలో ఉంది. ఊపిరితోనే కాదు, చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. ల్యాబ్‌ల్లో సాధారణంగా వాడే పల్చటి నైట్రైల్ గ్లవ్స్ దాన్ని కొద్ది నిమిషాలకు మించి ఆపలేవు. పైన పడిందంటే అప్పటికప్పుడు మార్చాలి. బ్యూటైల్ రబ్బరు గ్లవ్స్ మేలు. దానితో పాటు వాడే మరో సాల్వెంట్ డీఎంఎస్ఓ అంత విషం కాదు గానీ, తనలో కరిగినవాటిని చర్మం దాటించి తీసుకుపోయే గుణం దానికుంది. అందులో కరిగి ఉన్నది సీసమని గుర్తుంచుకోండి. ఒంట్లో చేరిన సీసం ఎక్కువగా ఎముకల్లో దాక్కుంటుంది. గర్భం దాల్చినప్పుడు తల్లి ఎముకల్లోని కాల్షియంతో పాటు అదీ రక్తంలోకి వస్తుంది. అందుకే ఈ జాగ్రత్త గర్భం నిలిచాక కాదు, ముందే మొదలవ్వాలి.

ఇదంతా భయపెట్టడానికి కాదు. సక్రమంగా వాడిన గ్లవ్ బాక్స్ (గోడకి బిగించిన గ్లవ్స్‌లో చేతులు పెట్టి పనిచేసే మూసిన పెట్టె) చాలావరకు కాపాడుతుంది. ప్రమాదం ఎక్కువగా ఉండేది గ్లవ్ బాక్స్ బయట చేసే పనుల్లో: పొడిని తూకం వేసేటప్పుడు, వ్యర్థాల సీసా ఖాళీ చేసేటప్పుడు, స్పిన్ కోటర్ (గిరగిరా తిప్పి ద్రావణాన్ని పల్చటి పొరగా పరిచే యంత్రం) గిన్నె తుడిచేటప్పుడు. ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లి, వాడే రసాయనాల పేర్లు కాగితం మీద రాసిచ్చి, రక్తంలో సీసం పరీక్ష చేయించుకోండి. తక్కువ వస్తే కొంత నిశ్చింత, ఎక్కువ వస్తే తగ్గించుకోవడానికి సమయం ఉంటుంది. సీసం మగవారి సంతాన సామర్థ్యాన్ని కూడా దెబ్బతీస్తుంది, బట్టల మీద ఇంటికీ వస్తుంది. కాబట్టి ల్యాబ్ కోటు ల్యాబ్‌లోనే ఉండాలి. సంస్థలో భద్రతాధికారి ఉంటే, మీ ఇంటి విషయం చెప్పకుండానే "గర్భం ప్లాన్ చేసుకునేవాళ్లకి ఇక్కడ నియమాలేంటి" అని అడగవచ్చు. గైడ్‌కి చెప్పడమా మానడమా అన్నది మీ ఇష్టం. చెబితే పని పంచుకోవడం సులువవుతుంది: ఫిల్ములు ఇంకొకరు వేస్తారు, కొలతలు, విశ్లేషణ మీరు చేస్తారు. చెప్పకపోతే మీ విషయం మీ దగ్గరే ఉంటుంది, జాగ్రత్తల భారం కూడా మీ ఒక్కరి మీదే ఉంటుంది. చెప్పినందుకు మిమ్మల్ని పక్కన పెడతారని భయముంటే, ముందు ఆ అధికారితో మాట్లాడటమే మంచిది.

ఇక సెల్ సంగతి.

మీ ఉత్తరంలో సీనియర్ పేపర్‌లోని అంకెలు రాశారు. బహుశా అలవాటుగా రాసి ఉంటారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. బ్యాండ్ గ్యాప్ (పదార్థం పీల్చుకోవాలంటే ఫోటాన్‌కి ఉండాల్సిన కనీస శక్తి) 1.6 ఎలక్ట్రాన్ వోల్టులు, కరెంటు చదరపు సెంటీమీటరుకి 25.8 మిల్లీ ఆంపియర్లు అని ఉంది. 1.6 బ్యాండ్ గ్యాప్ ఉన్న పదార్థం తాను పీల్చుకోగల సూర్యకాంతిలో ఒక్క ఫోటాన్‌ని కూడా వృథా చేయకుండా ఎలక్ట్రాన్‌గా మార్చినా వచ్చేది సుమారు 25.5. అది ప్రకృతి పెట్టిన హద్దు. నిజమైన సెల్‌లో గాజు కొంత కాంతిని తిప్పికొడుతుంది, పారదర్శక ఎలక్ట్రోడ్ కొంత మింగుతుంది. 23 వస్తే అది చక్కటి సెల్. మీ సెల్స్‌లో వస్తున్నది 22.9 అని మీరే రాశారు.

అంటే 25.8 అన్న అంకె ఆ పదార్థం ఇవ్వగలిగింది కాదు. కొలతలో ఎక్కడో తేడా ఉంది.

దీన్ని మోసం అనుకోకండి, నేనూ అనుకోవడం లేదు. ఈ పొరపాటుకి మామూలు కారణాలు చాలా ఉన్నాయి. సెల్ వైశాల్యం 0.09 చదరపు సెంటీమీటర్లు అంటే భుజం 3 మిల్లీమీటర్లు. కాంతి ఆ వైశాల్యం మీదే పడేలా అడ్డుపెట్టే రేకు, అంటే మాస్క్, దాని రంధ్రం ప్రతి భుజంలో మిల్లీమీటరులో పదో వంతు పెద్దగా ఉన్నా వైశాల్యం దాదాపు 7 శాతం పెరుగుతుంది, లెక్కలో మాత్రం పాత వైశాల్యమే ఉంటుంది. మాస్కే పెట్టకపోతే ఎలక్ట్రోడ్ అంచుల అవతల పడ్డ కాంతి నుంచి కూడా కరెంటు వచ్చి కలుస్తుంది. ఎండకి బదులు వాడే సోలార్ సిమ్యులేటర్ దీపం ప్రమాణానికి మించి వెలుగుతూ ఉండొచ్చు, దాన్ని సరిచూసే రిఫరెన్స్ సెల్ పాతబడి ఉండొచ్చు. ఆ పేపర్‌లో ఒక్కో తరంగదైర్ఘ్యం దగ్గర కొలిచే క్వాంటమ్ ఎఫిషియెన్సీ (పడ్డ ఫోటాన్లలో ఎన్ని కరెంటుగా మారాయో చెప్పే) గ్రాఫ్ ఉందేమో చూడండి. దాన్ని కలిపితే వచ్చే కరెంటు, స్కాన్‌లో చూపిన కరెంటు దగ్గర దగ్గరగా ఉండాలి. గ్రాఫ్ లేకపోతే, లేదా రెండూ కలవకపోతే, మీకు జవాబు దొరికినట్టే.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. మిగతావన్నీ అలాగే ఉంచి 25.8 బదులు 23 పెడితే 22.4 కాస్తా 20 దగ్గరికి దిగుతుంది. మీ మంచి సెల్ 19.1. రెండున్నరేళ్లుగా మీరు తల బాదుకుంటున్న గోడ ఎత్తు చాలావరకు ఆ అంకెలోనే ఉందన్నమాట. మిగిలిన ఒక శాతం తేడా నిజమైనదే, దానికి మాత్రం చేతిపనిలో కారణాలు వెతకాలి.

ఆ కారణాలు పేపర్లో రాసి ఉండవు. "రాసినట్టే చేయి" అన్న మీ సీనియర్ అబద్ధం చెప్పి ఉండరు. తనకి అలవాటైపోయినవి రాయాలని తోచి ఉండదు, అంతే. యాంటీ సాల్వెంట్ (ద్రావణం తిరుగుతుండగా పైన పోసి స్ఫటికాలు ఏర్పడేలా చేసే ద్రవం) ఏ సెకనులో పోశారు, ఎంత ఎత్తు నుంచి, ఎంత వేగంగా? ద్రావణం అప్పుడే కలిపిందా, రాత్రంతా ఉంచిందా? లెడ్ అయోడైడ్ ఏ బ్యాచ్? గ్లవ్ బాక్స్‌లో అంతకుముందు ఎవరైనా సాల్వెంట్ వాడి, ఆవిరి పోకముందే తను మొదలుపెట్టారా? నా సంగతి చెబుతాను. ఒకప్పుడు ఏడు నెలలు ఒకే ఫిల్ముతో కుస్తీ పట్టాను. హాట్ ప్లేట్ 100 డిగ్రీలు చూపిస్తుంటే దాని మూల మీద అసలు వేడి 88. నాకు ముందు పనిచేసినవాళ్లు ఎప్పుడూ మధ్యలో పెట్టేవాళ్లు, నేను మూలన పెట్టేదాన్ని. ఆ ఏడు నెలలూ నా చేతుల్నే తిట్టుకున్నాను. అందుకే సీనియర్‌ని "ఎలా చేశావు" అని అడగకండి. వీడియో కాల్‌లో, మీరు చేస్తుండగా చూడమనండి. ఒప్పుకుంటే ఒక్క గంటలో తేలే విషయాలు ఉంటాయి. ఒప్పుకోకపోతే, ఆయన పాత ల్యాబ్ నోట్‌బుక్ మీ ల్యాబ్‌లోనే ఉండాలి, అడగండి.

ఇప్పుడు ఆ రెండు స్కాన్ల మాట. 21.6, 17, 18. మూడింటిలో ఏది నిజం? పెరోవ్‌స్కైట్ సిలికాన్ లాంటిది కాదు. దాని స్ఫటికంలో ఎలక్ట్రాన్లతో పాటు అయోడైడ్ అయాన్లు కూడా కదులుతాయి, నిదానంగా. పైనుంచి కిందికి కొలిచేటప్పుడు మొదట్లో ఉన్న ఎక్కువ వోల్టేజీకి అవి ఒక పక్కకి చేరి, కాసేపు కరెంటు బయటికి రావడానికి సాయపడతాయి. ఎదురు దిశలో కొలిస్తే అడ్డుపడతాయి. స్కాన్ వేగం మారిస్తే అంకె మారుతుంది. హిస్టరిసిస్ అంటున్నది దీన్నే. 2014 నుంచి ఈ రంగంలో దీని మీద బహిరంగంగా చర్చ జరిగింది. 2020లో పరిశోధకులు చాలామంది కలిసి పెరోవ్‌స్కైట్ సెల్స్ స్థిరత్వాన్ని ఎలా కొలవాలి, ఎలా రాయాలి అని ఉమ్మడి ప్రకటన కూడా ప్రచురించారు. ఎండలో పెట్టిన సెల్ నిజంగా ఇచ్చేది గరిష్ఠ పవర్ దగ్గర కుదురుకున్న ఆ 18. మీ సెల్ సామర్థ్యం 18 శాతం.

21.6 ఒక్కటే పెట్టి రెండో స్కాన్ దాచడం నాకు సమ్మతం కాదు, ఈ మాట నేరుగానే చెబుతున్నాను. అది మీరు కొలవని అంకె కాదు, నిజమే. చదివేవాళ్లకి మాత్రం మీకు తెలిసిన నిజం చేరదు. ఆ పేపర్‌లో మొదటి పేరు మీదే. రేపు ఇంకో ల్యాబ్‌లో ఇంకో అమ్మాయి ఆ 21.6 కోసం రెండేళ్లు తన చేతుల్ని తిట్టుకుంటుంది.

గైడ్‌తో ఎలా మాట్లాడాలన్నది వేరే ప్రశ్న. "ఇది తప్పు" అని మొదలుపెడితే ఆయన తనని తాను సమర్థించుకునే పనిలో పడతారు. "రివ్యూయర్ అడుగుతారు" అని మొదలుపెట్టండి. అది నిజం కూడా. పేరున్న పత్రికలు కొన్ని ఇప్పుడు రెండు దిశల స్కాన్లు, కుదురుకున్న విలువ, మాస్క్ వైశాల్యం, ఎన్ని సెల్స్ మీద గణాంకాలు తీశారు అని అడిగే పట్టిక నింపించుకుంటాయి. నాలుగు వందల సెల్స్ డేటా మొత్తం ఒక్క గ్రాఫ్‌గా గీసి తీసుకెళ్లండి. అన్ని సెల్స్ ఉన్న గ్రాఫ్ ఈ రంగంలో చాలామంది దగ్గర ఉండదు, మీ దగ్గర ఉంది. ఆయన ఒప్పుకుంటే పేపర్ చిన్న పత్రికకి వెళ్లొచ్చు, నిలబడుతుంది. ఒప్పుకోకుండా ఒత్తిడి తెస్తే, ఆ సంభాషణ తర్వాత "మనం మాట్లాడుకున్నది ఇది" అని మర్యాదగా ఒక ఈమెయిల్ పంపండి. పేపర్ నుంచి పేరు తీసేయమనే హక్కు మీకుంది. దాని ఖరీదు కూడా ఉంది: సంబంధం చెడొచ్చు, సిఫారసు లేఖ చల్లబడొచ్చు. విభాగంలో మీరు నమ్మే ఇంకో పెద్దవారితో ముందుగా మాట్లాడి ఉంచుకుంటే ఆ ఖరీదు కొంత తగ్గుతుంది. ఏ దారి ఎంత భరించగలరో లెక్క మీది. నేను బయట కూర్చుని ధైర్యం చేయమని చెప్పడం తేలిక.

"అందరూ నా చేతుల్లో లోపమనుకుంటున్నారు" అన్నారు. ఆర్గానిక్ ఎలక్ట్రానిక్స్‌లో జరిగిన ఒక విషయం గుర్తు చేస్తాను. యాన్ హెన్‌డ్రిక్ షోన్ అనే శాస్త్రవేత్త బెల్ ల్యాబ్స్‌లో ఆర్గానిక్ స్ఫటికాలతో అద్భుతాలు సాధించినట్టు వరసగా పేపర్లు వేశాడు. అనేక ల్యాబ్‌లు ఆ ఫలితాల కోసం ప్రయత్నించి విఫలమయ్యాయి. వేర్వేరు గ్రాఫుల్లో ఒకే నాయిస్ (కొలతలో యాదృచ్ఛికంగా వచ్చే చిన్న చిన్న హెచ్చుతగ్గులు) కనబడటంతో అనుమానం వచ్చి, 2002లో విచారణ సంఘం 24 ఆరోపణలు పరిశీలించి 16 నిజమని తేల్చింది. మీ సీనియర్‌ని ఆయనతో పోల్చడం లేదు, ఇక్కడ విషయమే వేరు. నేను చెప్పేది ఆ ల్యాబ్‌ల్లో రానిదాన్ని రప్పించలేక అవస్థ పడ్డవాళ్ల గురించి. వాళ్ల చేతులు సరిగ్గానే ఉన్నాయి. నాలుగు వందల సెల్స్ ఒకే మాట చెబుతుంటే అది కూడా ఒక కొలతే.

ఎల్‌ఈడీకి మారడం గురించి. జూనియర్ రెండు పేపర్ల వేగం చూసి మారకండి. ఆ రంగం పరుగెత్తిన మాట నిజం. 2014లో గది ఉష్ణోగ్రతలో పనిచేసే మొదటి మంచి పెరోవ్‌స్కైట్ ఎల్‌ఈడీల క్వాంటమ్ సామర్థ్యం, అంటే లోపలికి పంపిన ఎలక్ట్రాన్లకి బయటికి వచ్చే ఫోటాన్ల శాతం, 1 శాతం లోపు. 2018కల్లా 20 దాటింది. కానీ మిమ్మల్ని ఏడిపిస్తున్న అయాన్లు అక్కడా కదులుతాయి, సెల్‌లో కంటే ఎక్కువ కరెంటు కింద. నీలం రంగు ఇంకా మొండికేస్తోంది, వెలిగే కాలం ఇంకా తక్కువే. పైగా అక్కడా సీసమే, అవే సాల్వెంట్లు. మీరు చివర రాసిన భయానికి అది పరిష్కారం కాదు. నాలుగో ఏడాదిలో మారితే కనీసం ఏడాదిన్నర కొత్తగా నేర్చుకోవడానికే పోతుంది.

ఆర్గానిక్ వైపు వెళ్తే సీసం ఉండదు. 1986లో సుమారు 1 శాతంతో మొదలైన ఆర్గానిక్ సోలార్ సెల్, 2019లో వై6 అనే అణువు వచ్చాక 15 దాటి, ఇప్పుడు 20 దరిదాపుల్లో ఉంది. మీ కొత్త పదార్థం కూడా ఆర్గానిక్కే కాబట్టి మీకు అది పూర్తిగా పరాయి నేల కాదు. అయితే అక్కడ క్లోరోబెంజీన్, క్లోరోఫామ్ ఉంటాయి, వాటికీ జాగ్రత్తలు కావాలి. పాలిమర్ బ్యాచ్ మారితే ఫలితం మారే బాధ అక్కడా తప్పదు. స్నేహితురాలి ల్యాబ్‌కి వెళ్లడమంటే గైడ్ మారడం. మీ సంస్థలో దానికి ఎంత కాలం పడుతుంది, స్టైపెండ్ ఏమవుతుంది, ఈ రెండూ రాతపూర్వకంగా తెలుసుకున్నాకే ఆ ఆలోచన.

నాకు తోచిన దారి ఇంకొకటి ఉంది, మీ ఉత్తరంలో అది లేదు. మంచి సోలార్ సెల్ మంచి ఎల్‌ఈడీ కూడా అయి ఉండాలన్నది ఈ రెండు రంగాల్నీ కలిపే సూత్రం. సెల్‌లో పుట్టిన ఎలక్ట్రాన్, హోల్ లోపాల దగ్గర వృథాగా కలిసిపోకపోతే, చివరికి వెలుగు ఇస్తూ కలుస్తాయి. ఆ వెలుగు పది రెట్లు తగ్గిన ప్రతిసారీ సెల్ వోల్టేజీలో సుమారు 60 మిల్లీవోల్టులు పోతాయి. అంటే, ఉత్త పెరోవ్‌స్కైట్ ఫిల్ము మీద కాంతి వేస్తే తిరిగి ఎంత వెలుగుతోంది, దాని మీద మీ ఆర్గానిక్ పొర వేశాక ఎంత వెలుగుతోంది అని కొలిస్తే, మీ అణువు ఆ సరిహద్దులో మేలు చేస్తోందా కీడు చేస్తోందా తెలిసిపోతుంది. దానికి స్కాన్ దిశతో పని లేదు, మాస్క్‌తో పని లేదు, సీనియర్ అంకెతో అసలే పని లేదు. కావాల్సిన ఇంటిగ్రేటింగ్ స్ఫియర్ (అన్ని వైపులా వచ్చే వెలుగుని కలిపి కొలిచే బోలు గోళం) ఎక్కడుంది? ఎల్‌ఈడీలు చేసే మీ జూనియర్ బల్ల మీద ఉండే అవకాశం ఎక్కువ. అతన్ని పోటీదారుగా కాక, పరికరం తెలిసినవాడిగా అడిగి చూడండి.

ఇలా చేస్తే థీసిస్ ప్రశ్న మారుతుంది. "22.4 ఎందుకు దాటలేదు" అన్నది పోయి, "ఈ అణువు సరిహద్దు దగ్గర ఏం చేస్తుంది" అన్నది మిగులుతుంది. దానికి ఏ జవాబు వచ్చినా అది ఫలితమే. ఈ పని చాలావరకు ఒకసారి మూత వేసి సీల్ చేసిన ఫిల్ముల మీద, గ్లవ్ బాక్స్ బయట, సీసం పొడి ముట్టుకోకుండా చేయవచ్చు. ఫిల్ములు వేసిపెట్టే మనిషి ఒకరు కావాలి, అంతే. దీని లోటు కూడా చెబుతాను: పెద్ద అంకె లేని పేపర్‌కి గైడ్ ఉత్సాహం చూపకపోవచ్చు, పెద్ద పత్రికలు తిప్పిపంపవచ్చు.

ఉద్యోగం చూసుకోమన్న మీవారి మాట కోపంతో అన్నదిలా నాకు అనిపించలేదు. మీరు రోజూ అలిసిపోయి రావడం చూసి అన్నట్టుంది. మానేయడం ఓటమి అని నేను చెప్పను. సన్నటి పొరలు వేయడం, కొలవడం, డేటాని నమ్మాలో వద్దో తేల్చుకోవడం వచ్చిన మనిషికి డిస్‌ప్లేలు, సెమీకండక్టర్లు, సోలార్ ప్యానెళ్లు తయారుచేసే చోట పని ఉంటుంది. కానీ తప్పుగా కొలిచిన ఒక అంకెని అందుకోలేకపోయానని మానేస్తే మాత్రం తర్వాత బాధపడతారు. మానేయాలనుకుంటే ఆ అంకె సంగతి తేలాక మానేయండి.

రక్త పరీక్షకి రేపే అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఆ తర్వాత మాస్క్‌ని మైక్రోస్కోప్ కింద పెట్టి రంధ్రం వెడల్పు నాలుగు చోట్ల కొలవండి. ఎంత వచ్చిందో నాకు రాయండి.